కడుపు బాగుందా?

అనంతగిరి ఘాట్ ఎక్కే బస్సులో వాంతులు చేసుకునేవాళ్ళంటే కండక్టర్ నూకరత్నానికి మొదట్నుంచీ చిన్నచూపే. ఏళ్ళ తరబడి ఆ మలుపుల్లో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. బస్సు ఎస్.కోట దాటగానే డ్రైవరు సీటు వెనక కొక్కేనికి వేలాడే పాలిథిన్ కవర్ల కట్ట అందుకుని, మొహాలు చూసి పంచేది. ఎవరు మాటలాపేసి కిటికీ వైపు తిరిగారో, ఎవరి పెదాలు పాలిపోతున్నాయో ఇట్టే కనిపెట్టేది. నాకేం కాదని గొప్పలు పోయిన టూరిస్టు కుర్రాళ్ళే అందరికంటే ముందు తల బయటపెట్టేవారు. వాళ్ళని చూసి లోలోపల నవ్వుకునేది. తనకి మాత్రం ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. ఆ రూట్లో పనిచేసేవాళ్ళకి అది చిన్న గొప్పేం కాదు.

అలాంటి రత్నం ఇప్పుడు ఎస్.కోట బస్ కాంప్లెక్సులో, బస్సింకా కదలకముందే, మెడలో టికెట్ మిషన్ వేలాడుతుండగా గోడ పట్టుకుని కక్కుతోంది. ఘాట్ లేదు, మలుపు లేదు, తిన్నది చూస్తే రెండిడ్లీలు. జనం ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. ఒకావిడ నిమ్మకాయ ఇవ్వబోయింది. ఇంకొకావిడ ముసిముసిగా నవ్వుతూ ఎన్నో నెల అని అడిగింది. కాలేజీకి వెళ్ళే కూతురున్న తనని పట్టుకుని ఆ మాటంటే రత్నానికి ఒళ్ళు మండింది గానీ, జవాబు చెప్పడానికి నోరు ఖాళీగా లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మొగుడు చిన్నంనాయుడు.

"రత్నం, కడుపు బాగుందా?"

"లేదు."

"వచ్చీసిందా? అయితే మాత్ర ఏసీసుకుంటాన్లే," అని పెట్టేశాడు.

డ్రైవరు కన్నబాబు ఇదంతా చూసి, పెళ్ళాం కడుపు సంగతి రోజూ ఫోన్ చేసి కనుక్కునే మొగుణ్ణి తానెక్కడా చూడలేదన్నాడు. రత్నం బాటిల్ ఎత్తి నోరు పుక్కిలించి ఉమ్మింది. ఆ ఉమ్మిలో సగం నోట్లోని చేదుకి, సగం ఆ పొగడ్తకి.

ఆ ప్రేమ కథ కొంచెం వెనకనుంచి చెప్పుకోవాలి. చిన్నంనాయుడిది విజయనగరంలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు. ఊళ్ళో పుట్టినరోజు జరిగినా, ఎవరైనా పోయినా, ఆ మొహాన్ని నిలువెత్తున సాగదీసి కూడలిలో నిలబెట్టేది అతనే. చెడ్డవాడు కాడు, తాగడు, గట్టిగా అరవడు. నవ్వు మొహం. ఏ పనైనా ఎవరో ఒకరు చేసిపెడతారన్న ధీమాతో పుట్టినవాడు, ఇంతవరకూ ఆ ధీమాకి లోటు రాలేదు. బీపీని పట్టించుకోక రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నప్పుడు కూడా రాలేదు. కన్నతల్లి పైడమ్మ తనకి షుగరంది. తమ్ముడు పెళ్ళాం ఒప్పుకోదన్నాడు. ఒప్పుకోమని ఎవరూ అడగకుండానే అందరి చూపూ రత్నం మీద వాలింది.

రత్నం ఇచ్చింది. మేనమామ కొడుకు, చిన్నప్పటినుంచీ బావా బావా అని వెంట తిరిగిన మనిషి, ఎందుకివ్వదు? ఆపరేషన్ బల్ల మీదే కిడ్నీ పని మొదలెట్టిందని డాక్టర్లు చెప్పినప్పుడు పక్క గదిలో కుట్ల నొప్పిలో కూడా ఆమెకి గర్వంగా అనిపించింది. తన సొత్తు గట్టిది. చిన్నంనాయుడు ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇంటికొచ్చాక వీధి మొదట్లో పది అడుగుల ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద రత్నం మొహం, తల చుట్టూ వెలుగు చక్రం, కింద 'త్యాగమూర్తి' అని ఎర్రక్షరాలు. రెండు వానలకి అది చిరిగి, పక్కింటివాళ్ళ బాత్రూం మీద కప్పుగా మారింది.

ఇక మాత్రలు. ఇంకొకరి కిడ్నీ ఒంట్లోకొస్తే ఒళ్ళు దాన్ని దొంగనుకుని తరుముతుంది. అలా తరమకుండా ఒంటిని జోకొట్టేవే ఆ మాత్రలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వేళ తప్పకుండా, ఊపిరున్నంతకాలం వేసుకోవాలి. వేళ తప్పితే ఒళ్ళు మేలుకుంటుంది. మొదటి ఆర్నెల్లు చిన్నంనాయుడు బుద్ధిగా మింగాడు. తర్వాత చేతులు వణుకుతున్నాయన్నాడు, మొహం ఉబ్బుతోందన్నాడు, పెళ్ళి ఆర్డర్ల హడావిడిలో మర్చిపోయానన్నాడు. ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకెందుకీ విషం అన్నాడు. ఒకరోజు జ్వరంతో, వాచిన కాళ్ళతో కూలబడితే, విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్ళి సూదుల మీద సూదులు పొడిపించి ఆ కిడ్నీని నిలబెట్టారు. అతని బట్టలకోసం షాపుకెళ్ళిన రత్నానికి ప్రింటరు కింద విప్పని మాత్రల అట్టలు కట్టలుగా దొరికాయి. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. నా ఒంట్లోంచి కోసిచ్చింది వీడు ప్రింటరు కింద తోసేశాడు అనుకుంది. అంత అసహ్యం ఆమెకి ఆ మనిషి మీద అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆ అసహ్యమే ఆమెచేత సంతకం పెట్టించింది.

డాక్టర్ సుధాంశు అదే ఆస్పత్రిలో ఆరో అంతస్తులో ఒక ప్రయోగశాల నడుపుతున్నాడు. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ ఎవరినో ఓదారుస్తున్నట్టు మాట్లాడే మనిషి. అతను కనిపెట్టింది ఆవగింజకంటే కొంచెం పెద్దదైన ఒక గింజ. రోగి జబ్బలో ఒకటి పెడతారు. అది రక్తంలో మందెంతుందో కనిపెట్టుకుని ఉంటుంది. కిడ్నీ ఇచ్చినవాళ్ళ మెడలో, పొట్ట కబుర్లు తలకి మోసే నరం పక్కన, దాని జంట గింజ పెడతారు. మందు గీత కిందకి దిగితే ఇద్దరి ఫోన్ల మీదుగా ఇక్కణ్ణుంచి అక్కడికి కబురు పోతుంది. మెడలో గింజ ఆ నరాన్ని గిల్లుతుంది. ఇచ్చినవాళ్ళకి కడుపులో తిప్పి వాంతవుతుంది. వేసుకోవాల్సినవాడు మాత్ర వేసుకుని, అది రక్తంలో కలిసేదాకా ఆ తిప్పడం ఆగదు.

మొదట రోగులకే పెట్టి చూశారట. ఒకడు వాంతులాపే మందు మింగి గింజని గెలిచాడు. ఇంకొకడు బ్లేడుతో మెడ కోసుకుని దాన్ని పీకేశాడు. అప్పుడు డాక్టరుగారికి తట్టిందట, మనిషి తన బాధని ఎలాగో తప్పించుకుంటాడు గానీ తనకి ప్రాణం పోసినవాళ్ళ బాధని కళ్ళతో చూస్తూ ఊరుకోలేడని. మనుషుల మంచితనం మీద ఆయనకంత నమ్మకం. ఆ నమ్మకం నిలబెట్టడానికి కక్కాల్సింది మాత్రం ఆయన కాదు. ఆ జంటకి 'సహచరి' అని పేరు పెట్టుకున్నాడు. రత్నం ఇంట్లో మాత్రం అందరూ గింజ అనేవారు.

కొన్నాళ్ళు డాక్టరు చెప్పినట్టే జరిగింది, అబద్ధం ఎందుకు? మొదటిసారి రత్నం పొయ్యి దగ్గర వంగి కక్కినప్పుడు చిన్నంనాయుడు గిలగిల్లాడిపోయాడు. పరుగున వెళ్ళి మాత్ర మింగి వచ్చి ఆమె తల పట్టుకున్నాడు, నీళ్ళు తాగించాడు, ఇంకెప్పుడూ ఇలా జరగనివ్వనని తన నెత్తిమీదే చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత చాలా వారాలు వేళ తప్పలేదు. రత్నం మెడ తడుముకుని, పోనీలే, ఈ చిన్న గింజ ఇద్దర్నీ కాపాడిందనుకుంది.

తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. అలవాటైపోయింది. అలారం పెట్టుకోవడం మానేశాడు. మాత్ర వేళ గుర్తుపెట్టుకోవడం మానేశాడు. మాత్రలు డబ్బాలోంచి తీసి పైడమ్మ చేతిలో పెట్టేది, షాపుకి రత్నమే పొట్లం కట్టి ఇచ్చేది. రత్నం బాత్రూం వైపు పరిగెడితే ముందుగదిలోంచి పైడమ్మ "ఒరే చిన్నం, మాత్ర," అని కేకేసేది. ఆ ఇంట్లో "కోడలికి నీళ్ళియ్యండి" అన్న కేక మాత్రం వినపడేది కాదు. ఆ మాత్రం కష్టం పసుపుకుంకాల కోసం ఏ ఆడది మాత్రం పడదూ అని పైడమ్మ ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకునేది. శ్రావణమాసంలో ఆ వీధి ఆడవాళ్ళు వాయనాలతో వచ్చి రత్నం కాళ్ళకి పసుపు రాసి వెళ్ళారు. వాళ్ళలో ఒకామెకి, గింజ ఎలా పని చేస్తుందో కళ్ళారా చూడాలని ఉండిపోయింది. అది కుదరలేదని నొచ్చుకుంది కూడా.

ఒకసారి భోజనం క్యారేజీ ఇవ్వడానికి షాపుకెళ్ళినప్పుడు అతను స్నేహితుడితో అంటున్న మాట రత్నం చెవిన పడింది. తనకి అలారం అక్కర్లేదని, అలారం ఇంట్లోనే ఉందని చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. రత్నం క్యారేజీ బల్లమీద పెట్టి వచ్చేసింది. మనిషి దుర్మార్గుడైతే తిట్టొచ్చు, కొట్టొచ్చు, పుట్టింటికి పోవచ్చు. ఇతను మెత్తగా, నవ్వుతూ, ఆమె పేగుల్ని గంట చేసుకుని వాయించుకుంటున్నాడు. ఛీ, అదేం బతుకు?

ఆపరేషన్ తర్వాత ఆమెని దగ్గరి రూట్లో వేశారు గానీ, తనకి మళ్ళీ పాత అరకు రూటే కావాలని డిపోలో అడిగి మరీ వేయించుకుంది. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. ఫోన్ మూగబోతుంది, గింజ కూడా. బస్సంతా వాంతులు చేసుకుంటుంటే ఆమె ఒక్కతే హాయిగా ఊపిరి పీల్చుకునేది. అరకులో టవరు తగలగానే దాచిపెట్టిన బాకీ అంతా ఒక్కసారి మీద పడ్డట్టు తిప్పేది. దానికి తోడు ఇంటిదగ్గర గంట వినపడదు కాబట్టి చిన్నంనాయుడు ఫోన్ చేసి కనుక్కోవడం మొదలెట్టాడు. కడుపు బాగుందా? బాగుందంటే మాత్ర అవసరం ఇంకా రాలేదని అతని లెక్క.

నెలనెలా ఆరో అంతస్తుకి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే పిల్లలు తెరమీద చిన్నంనాయుడి ఆకుపచ్చ గీతని చూసి మురిసిపోయేవారు. అతనికి కుర్చీ, కాఫీ. రక్తం అతనిదే తీసేవారు, బరువు అతనిదే చూసేవారు. రత్నం గోడ పక్కన కూర్చునేది. ఒకసారి ఆమె ఉండబట్టలేక డాక్టరుతో ఉన్నదంతా చెప్పింది. మాత్ర వేళ ఆయనకి గుర్తుండటం లేదు, నేను కక్కితేనే లేస్తున్నాడు, నేను మనిషినా గడియారాన్నా అని అడిగింది.

సుధాంశు శ్రద్ధగా విన్నాడు. విని, "అంటే మరి పని చేస్తున్నట్టే కదమ్మా," అన్నాడు.

ఆ ఏడాది డిపోలో సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు జరిగాయి. అక్కడి ముసలి డాక్టరు రత్నం కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక్క కిడ్నీయే కదా ఉంది, దాన్ని ఇలా ఎండబెడుతున్నావేమిటని కోప్పడ్డాడు. వాంతుల్లో నీరంతా పోయి అది దెబ్బతింటోందట. ఇలాగే సాగితే రెండేళ్ళలో డయాలిసిస్ మంచం ఎక్కాల్సి వస్తుందన్నాడు. అప్పుడు నీకెవరిస్తారమ్మా అని కూడా అడిగాడు. మంచివాడే, మాట మెత్తగా చెప్పడం రాదంతే. రత్నం బయటికొచ్చి బస్సు మెట్టు మీద కూర్చుంది. భయమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. ఇవ్వడానికి ఒకటి ఉండేది, ఇచ్చేసింది. మిగిలింది తను బతకడానికి.

ఆ కాగితం పట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆరో అంతస్తుకి వెళ్ళింది. సుధాంశు దాన్ని రెండుసార్లు చదివాడు. ఇచ్చినవాళ్ళ రక్తం చూడటం వాళ్ళ పరిశోధనలో లేదట, అది పొరపాటేనని ఒప్పుకున్నాడు. అప్పుడే గింజ తీసెయ్యమంటే మాత్రం, వచ్చే ఆదివారం ఫంక్షన్ ఒకటుందని, పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారని, మొట్టమొదటి జంట కాబట్టి రత్నానికీ చిన్నంనాయుడికీ సన్మానమని చెప్పాడు. అది కానిచ్చాక నిదానంగా ఏదో ఒకటి చేద్దామన్నాడు. ఈలోగా వాంతి రాకుండా చూసుకునే బాధ్యత నాయుడుగారిదే అని అతని భుజం తట్టాడు. చిన్నంనాయుడు గంగిరెద్దులా తలూపాడు. రత్నం ఒప్పుకుంది. నాలుగు రోజులే కదా అనుకుంది.

ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు నిజంగానే ఆమెకి తిప్పలేదు. శనివారం రాత్రి కడుపులో కొంచెం తేడాగా అనిపించి, అంతలోనే సర్దుకుంది. మొగుడు మొత్తానికి దారికొచ్చాడనుకుంది. ఆదివారం బీచి రోడ్డు హోటల్లో, పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, కూతురు బిందు తలలో మల్లెపూలు పెడితే వేదికెక్కింది. పైడమ్మ మొదటి వరసలో కూర్చుంది. శాలువా కప్పారు, గంధం రాశారు, ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు. వెనక తెర మీద రెండు గీతలు మెరుస్తున్నాయి. ఒకటి చిన్నంనాయుడిది, ఇంకొకటి ఆమెది.

సుధాంశు మైకందుకుని తియ్యగా మాట్లాడాడు. మాట్లాడుతూ తెర వైపు చూపించాడు. నాయుడి గీత మెల్లమెల్లగా దిగుతోంది. నిన్న సాయంత్రం మాత్రా, ఇవాళ పొద్దున్న మాత్రా అతనిచేత ఆపించామని, తేడా స్పష్టంగా కనపడాలని ఇప్పటిదాకా ఆమె గింజని నిద్రపుచ్చామని, ఇప్పుడు మేలుకొలుపుతున్నామని చెప్పాడు. ఏదో పువ్వు విచ్చుకోబోతోందన్నంత ఇదిగా చెప్పాడు. రత్నానికి ఆ మాటల అర్థం తలకెక్కేలోపలే కడుపు పైకి తన్నుకొచ్చింది.

పరిగెత్తడానికి చోటు లేదు. ఎదురుగా జనం, పక్కన పూలకుండీలు. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందులోనే కక్కుకుంది. గంధం వాసన, మల్లెపూల వాసన, పుల్లటి కంపు, అన్నీ కలిసి మళ్ళీ కక్కుకుంది. కళ్ళలో నీళ్ళు, ముక్కులో మంట, పట్టుచీర మీద పసుప్పచ్చటి చారలు. అప్పుడు చిన్నంనాయుడు మైకు ముందుకొచ్చి, మాత్రని రెండు వేళ్ళ మధ్య అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

హాలంతా చప్పట్లు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. పైడమ్మ కళ్ళొత్తుకుంది. చిన్నంనాయుడు నవ్వాడు, ఫ్లెక్సీ మీద నాయకుల నవ్వు. ఆమె మిగిలిన ఒక్క కిడ్నీ సంగతి అతనికి తెలుసు. కాగితం అతని ముందే చదివారు. తెలిసే ఆపాడు, డాక్టరుగారు అడిగారు కదా అని ఆపాడు. ఆ మురికి శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డ రత్నానికి తన కక్కుకంటే వాళ్ళ చప్పట్లే ఎక్కువ కంపు కొట్టాయి.

మర్నాడే ఇంటిల్లిపాదీ వెంట రాగా ఆమె ఆరో అంతస్తులో బల్లెక్కి కూర్చుని మెడ చూపించింది. తీసేదాకా దిగనంది. సుధాంశు బతిమాలాడు. ఆ గింజ తీసేస్తే ఆమె ఇచ్చిన కిడ్నీ ఏడాది కూడా నిలవదన్నాడు. గింజ గిల్లే జోరు తగ్గిస్తానన్నాడు. ఆ గింజని మా ఆయనకే పెట్టకూడదా అని రత్నం అడిగితే, రోగులకి పెడితే పని చెయ్యదని చెప్పాను కదమ్మా అన్నాడు. పోనీ మా అత్తకి పెట్టండంది. పైడమ్మ "ఓలమ్మ, నాకు షుగరు," అని రెండడుగులు వెనక్కి వేసింది.

చివరికి మత్తు సూది వేసి తీశారు. రెండు కుట్లు పడ్డాయి. స్టీలు పళ్ళెంలో ఆ గింజ నల్లగా, చిన్న ఇసుకరాయిలా పడి ఉంది. ఇంతదాని కోసమా అనుకుంది రత్నం.

అప్పుడు బిందు ముందుకొచ్చింది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న పిల్ల, తండ్రి కాళ్ళు వాచిన రోజున అంబులెన్సులో అతని తల ఒళ్ళో పెట్టుకుని వచ్చిన పిల్ల. ఆ గింజ తనకి పెట్టమని అడిగింది. కిడ్నీ ఇచ్చినవాళ్ళకే పెట్టాలా, కూతురికి పెడితే పని చెయ్యదా అని అడిగింది. సుధాంశు కళ్ళు మెరిశాయి. అలా ఎవరూ ప్రయత్నించలేదన్నాడు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చెయ్యాలని ఒక కాగితం తీశాడు.

రత్నం మొగుడివైపు చూసింది. ఆ ఒక్క క్షణం ఆమె అతనికి ఇచ్చిన ఆఖరి గడువు. వద్దంటే చాలు. కనీసం తల దించుకున్నా చాలు.

చిన్నంనాయుడు ఆలోచించాడు. నిజంగానే నుదురు ముడేసి ఆలోచించాడు.

"బిందుకైతే మేలే," అన్నాడు. "కాలేజీ ఇంటి పక్కనే కదేటి. ఫోన్ చెయ్యక్కర్లేదు."

రత్నం బల్ల దిగింది. మెడ మీద కట్టు తడుముకుంటూ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ మాత్ర నీ నోట్లో ఏసుకోడానికి నీకు ఎంతమంది ఆడోళ్ళు కావాల బావా?"

ఆ కాగితాన్ని సుధాంశు చేతిలోంచి తీసుకుని, మడిచి, పళ్ళెంలో గింజ మీద పెట్టింది. కూతురు చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా లాక్కెళ్ళింది.

అక్కడితో పీడ విరగడైందనుకుంది. రత్నానికి ఆకలి తిరిగొచ్చింది. ఎస్.కోటలో ఇడ్లీ తిని, అది కడుపులోనే ఉండిపోతే చిన్నపిల్లలా ఆశ్చర్యపోయింది. ఫోన్ మోగడం మానేసింది. డిపో డాక్టరు మళ్ళీ రక్తం తీసి, ఇప్పుడైనా బాగుపడొచ్చు, చూద్దామన్నాడు. ఇంట్లో చిన్నంనాయుడు అలిగి రెండు రోజులు మాట్లాడలేదు గానీ, మాత్రలు మాత్రం వేళకి పడుతున్నాయి. రత్నానికి అదే వింతగా అనిపించింది.

ఆ వింతేమిటో ఆ వారంలోనే తెలిసింది. డ్యూటీ దిగి తొందరగా ఇంటికొచ్చిన ఒక సాయంత్రం, బిందు కాలేజీ బ్యాగు భుజాన్నుంచి దించకుండానే నీళ్ళ గ్లాసుతో, అరచేతిలో మాత్రలతో తండ్రి కుర్చీ పక్కన నిలబడి ఉంది. అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా నోరు తెరిచాడు. అది చాలదన్నట్టు, పొద్దున్న కూడా ఫిజిక్స్ క్లాసు మధ్యలోంచి లేచి షాపుకి పరిగెత్తుకెళ్ళి మాత్ర వేసి వచ్చిందట. రోజూ అంతేనట, మేష్టారు బయట నిలబెట్టారట. పైడమ్మ ఈ సంగతి మనవరాలి మంచిబుద్ధి కింద మురుస్తూ చెప్పింది.

రాత్రి భోజనాల దగ్గర బిందు అన్నం కెలుకుతూ కూర్చుంది. ఏం తిన్నా కడుపులో తిప్పుతోందని, నాన్న మర్చిపోతాడేమోనని తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందని తల్లికి మెల్లగా చెప్పింది. చెబుతుండగానే నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. వీపు వంచి కక్కుతున్న కూతుర్ని రత్నం వెనకనుంచి చూసింది. ఆ పిల్ల మెడ మీద కుట్టు లేదు, మచ్చ లేదు. గింజ పెట్టకుండానే పెట్టేశారు.

ముందుగదిలోంచి చిన్నంనాయుడి గొంతు వినపడింది. "బిందూ, కడుపు బాగుందామ్మా?"

రత్నం బకెట్లో నీళ్ళు ముంచింది. కూతురికి మొహం కడిగించి, తీసుకొచ్చి, పీట మీద కూర్చోబెట్టింది. బిందు దగ్గర ఫోన్ తీసుకుని అందులో వరసగా పెట్టి ఉన్న అలారాలన్నీ ఒక్కొక్కటీ తీసేసింది. పిల్ల ఏడుపు మొహంతో చూస్తోంది.

మర్నాడు ఆదివారం, అందరూ ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం మాత్ర వేళైంది. ఎవరూ లేవలేదు. బిందు లేవబోతే రత్నం మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. పైడమ్మ నోరు తెరవబోయి కోడలి మొహం చూసి మూసుకుంది. టీవీలో ఏదో పాటల కార్యక్రమం వస్తోంది. చిన్నంనాయుడు కాసేపు చూసి, అటూ ఇటూ కదిలి, చివరికి కంచాల్లో వడ్డిస్తున్న చోటికి వచ్చాడు.

ఇవాళ మాత్ర ఎవరూ ఇవ్వలేదేమని అడిగాడు. కోపంగా కాదు, కరెంటు పోయిందేమని అడిగినట్టు.

"ఇంక ఎవులూ ఇవ్వరు," అంది రత్నం. "గుర్తుండాల్సింది నీకు. మింగాల్సింది నువ్వు."

అతను నవ్వబోయాడు. ఎవరూ తోడు నవ్వలేదు. కూతురివైపు చూశాడు, తల్లివైపు చూశాడు. తర్వాత గది మధ్యలో నిలబడి, "డబ్బా ఎక్కడుంటాది?" అన్నాడు.

రత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ డబ్బా కోసం ఆమె ఎన్ని చోట్ల కక్కిందో, ఎన్ని బస్టాండుల్లో గోడలు పట్టుకుందో! తన ప్రాణం ఇప్పుడు ఏ అరలో ఉంటుందో ఈ మనిషికి తెలియదు. అతను టీవీ కింద వెతికాడు. దేవుడి పటాల వెనక వెతికాడు. ఫ్రిజ్ తలుపు తీసి, అందులో ఏముంటాయో మొదటిసారి చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. బిందు తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాన్న చచ్చిపోతే?" అంది గుసగుసగా.

అతని పొట్టలో కుడిపక్కన ఉన్నది తన మాంసమే. అది ఈ నిమిషంలో కూడా అతని కోసం పని చేస్తూనే ఉంది. రత్నానికి అది తెలుసు.

"చచ్చిపోతే ఏడుద్దాం," అంది. "నువ్వు అన్నం తిను."

కప్‌బోర్డు కింది అరలో డబ్బా దొరికింది. చిన్నంనాయుడు ట్యూబ్‌లైట్ కింద నిలబడి అట్టల్ని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఏది సాయంత్రానిదో తెలియక, "ఇది ఒకటా, రెండా?" అని గాల్లోకి అడిగాడు. కాసేపటికి అతను డబ్బా మీద అంటించిన చీటీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదవడం మొదలెట్టాడు.

రేపు గుర్తుంటుందో లేదో రత్నానికి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఇచ్చింది ఇచ్చేసింది, ఇప్పుడది అతనిది. బిందు కంచంలో పప్పు వేసి, ముద్ద కలిపి, పిల్ల నమిలి మింగేదాకా చూసింది. తర్వాత తన కంచంలో రెండోసారి అన్నం పెట్టుకుంది.